46కి 46 సంతకాలు: తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర సమ్మతి అడగడంలో మేం చేసిన తప్పు, దిద్దుకున్న తీరు

లెక్కల మీద, కంప్యూటర్ మీద పిల్లల అభిప్రాయం తెలుసుకునే మా అధ్యయనం కోసం, తల్లిదండ్రుల సమ్మతి అడిగే ఫారాలు మంగళవారం మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పిల్లలకి పంచాం. బుధవారం ఉదయం ప్రార్థన అయ్యేసరికల్లా క్లాస్ టీచర్‌గారు వాటన్నిటినీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా చేతికిచ్చారు. "46 మందీ తెచ్చేశారు మేడమ్, ఒక్కటి కూడా మిగల్లేదు" అన్నారు. నాకు భలే సంతోషం వేసింది. తల్లిదండ్రుల సంతకాలు వెనక్కి రాబట్టడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు. మూడుసార్లు గుర్తుచేసినా సగం కాగితాలు పుస్తకాల సంచుల అడుగునే నలిగిపోతాయి. అలాంటిది ఒక్క రాత్రిలో అన్నీ వచ్చేశాయి. ఆ ఊపులో ఆ రోజే నాలుగో పీరియడ్‌లో ప్రశ్నపత్రాలు పంచి, పిల్లల చేత నింపించేశాం.

రాత్రి ఇంట్లో కవర్ విప్పి, ఒక్కొక్క ఫారం చూస్తూ నంబర్లు వేసుకుంటున్నాను. ఎనిమిదో తొమ్మిదో కాగితం దగ్గర చెయ్యి ఆగింది. ఆకుపచ్చ జెల్ పెన్ను. దాని ముందు కాగితం మీదా అదే. వెనక్కి తిప్పి చూస్తే వరసగా అన్ని సంతకాలూ ఆ ఒక్క పెన్నుతోనే ఉన్నాయి. 'లక్ష్మి' అన్న సంతకం నాలుగు ఫారాల మీద ఉంది. నాలుగింటిలోనూ క్ష కింద మ వత్తు ఒకేలా మెలిక తిరిగింది. ఇంకో రెండింటిలో తండ్రి పేరు ముందు పెన్సిలుతో రాసి, దాని మీద పెన్నుతో దిద్ది, పెన్సిలు చెరిపిన మరకలు కనిపిస్తున్నాయి. ఒకదాని మీద వేలిముద్ర ఉంది. అది పెద్దవాళ్ల వేలు కాదని చూడగానే తెలిసిపోతోంది.

ఆ 46 కాగితాల గురించే ఈ కేస్ రాస్తున్నాను. బడి పేరు, పేట పేరు రాయడం లేదు. ఆ టీచర్‌గారి మీద తప్పు మోపే ఉద్దేశం కూడా లేదు. ఆ తప్పుకి దారి వేసింది మా పద్ధతే.

మేం ఏం అడగాలనుకున్నాం

నేను చాలాకాలం హైస్కూల్లో లెక్కలు చెప్పి, తర్వాత విద్యా పరిశోధన వైపు వచ్చినదాన్ని. విశాఖపట్నంలో మూడు బడుల్లో తొమ్మిదో తరగతి పిల్లలకి లెక్కల మీద, కంప్యూటర్ మీద ఎలాంటి అభిప్రాయం ఉందో తెలుసుకోవాలని ముగ్గురం కలిసి ఈ పని మొదలుపెట్టాం. రెండు ప్రభుత్వ బడులు, గాజువాక వైపు ఒక ప్రైవేటు బడి. తొమ్మిదినే ఎందుకు ఎంచుకున్నామంటే, పది అవగానే ఎంపీసీనా, బైపీసీనా, సీఈసీనా అన్న ప్రశ్న వస్తుంది. మన దగ్గర ఇంజనీరింగ్‌కీ, కంప్యూటర్ ఉద్యోగానికీ పెద్ద దారి ఎంపీసీ. 'మావాడికి లెక్కలు రావండీ' అన్న మాట ఇంట్లో స్థిరపడేది మాత్రం తొమ్మిదిలోనే. అక్కడే పిల్లల మనసులో ఏముందో వినాలని మా ఆశ.

ఇలాంటి అధ్యయనాలకి పాత పునాదే ఉంది. ఎలిజబెత్ ఫెన్నెమా, జూలియా షెర్మన్ 1976లో తయారుచేసిన గణిత వైఖరి స్కేళ్లు, అంటే లెక్కల మీద అభిప్రాయాన్ని కొలిచే వాక్యాల జాబితాలు, ఈ రంగంలో అందరికీ తెలిసినవే. అవి 9 స్కేళ్లు, ఒక్కొక్కదానిలో 12 వాక్యాలు. ఆత్మవిశ్వాసం, భయం, ఉపయోగం, 'లెక్కలు మగపిల్లల సబ్జెక్టు' అన్న భావన, అమ్మానాన్నల, టీచర్ల ప్రోత్సాహం లాంటివి వాటిలో వస్తాయి. పీసా అనే అంతర్జాతీయ విద్యా సర్వేలో 2012లో, దాన్ని నడిపే ఓఈసీడీ అనే దేశాల కూటమి పిల్లల్లో 59 శాతం మంది లెక్కల క్లాసు కష్టంగా ఉంటుందేమోనని తరచూ దిగులు పడతామని చెప్పారు. కాబట్టి ఈ దిగులు మన పిల్లలది మాత్రమే కాదు. కానీ మన పిల్లలు దాన్ని ఏ మాటల్లో చెప్తారో తెలియాలంటే మన వాక్యాలే కావాలి. అందుకని పాత స్కేళ్ల ఆలోచన తీసుకుని, వాక్యాలు మేమే తెలుగులో రాసుకున్నాం. 'లెక్కల పీరియడ్ వస్తోందంటే నాకు కడుపులో తిప్పినట్టు ఉంటుంది.' 'కంప్యూటర్ ముందు కూర్చుంటే ఏదో పాడుచేస్తానేమోనని భయం.' ఈ రెండోది మాకు ఒక అమ్మాయి చెప్పిన మాటే. వాళ్ల బడిలో ఒక్కో కంప్యూటర్‌కి నలుగురు కూర్చుంటారు. మౌస్ ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే ఉంటుంది.

వాక్యాల మీద మేం నాలుగు నెలలు కూర్చున్నాం. సమ్మతి పత్రం మీద కూర్చున్నది ఒక్క పూట. పాత ఫారం ఒకటి తీసుకుని, పేర్లు మార్చి, పరిశోధన పద్ధతిలో మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీకి పంపాం. కమిటీ ఆమోదించింది. ఆమోదం వచ్చిన కాగితం కదా, అదే సరైన కాగితం అనుకున్నాం.

ఆ కాగితం ఇళ్లల్లో చదివితే

మర్నాడు సాయంత్రం నేను ముగ్గురు పిల్లల ఇళ్లకి వెళ్లాను. సంతకం మీదేనా అని నిలదీయడానికి కాదు. ఫారం ఇంటికి చేరిందా, చేరితే ఏమని అర్థమైంది అని తెలుసుకోవడానికి. మొదటి ఇంట్లో తండ్రి లేడు. బోటు మీద వేటకెళ్తే పది పదిహేను రోజులకి గానీ రాడు. తల్లి చేపలమ్మి అప్పుడే ఇంటికొచ్చింది. చేతులు తుడుచుకుని, నేనిచ్చిన ఖాళీ ఫారం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏటి మేడమ్‌గారూ ఇది, తల్లికి వందనం కాగితమా?"

"కాదమ్మా."

"మరి అపారు కాగితమా? అది మొన్ననే ఇచ్చేసినాం కదా."

"అదీ కాదమ్మా. మీ అమ్మాయిని కొన్ని ప్రశ్నలు అడగడానికి మీరు ఒప్పుకుంటున్నారా అని."

ఆమె కాసేపు ఆలోచించింది. "సంతకం ఎట్టకపోతే డబ్బులు ఆపేత్తారేటి?"

ఆ ప్రశ్న దగ్గర నాకు మొత్తం అర్థమైంది. బడి నుంచి వచ్చే కాగితం అంటే ఆ ఇంటికి తెలిసినవి కొన్నే: బడి పిల్లల తల్లులకి డబ్బులిచ్చే 'తల్లికి వందనం' లాంటి పథకం కాగితం, విద్యార్థి గుర్తింపు సంఖ్య అయిన అపార్ నంబరుకి ఇచ్చే సమ్మతి, ఆధార్ జిరాక్సు, సచివాలయం నుంచి వచ్చే సర్వే. అన్నిటికీ ఒకటే నియమం. సంతకం పెడితే వస్తుంది, పెట్టకపోతే పోతుంది. అలాంటి కాగితాల మధ్యలోకి మేం ఇంకో కాగితం పంపి, 'స్వచ్ఛందంగా' అన్న మాట ఒకటి రాసేశాం. మా ఫారంలో ఉన్న వాక్యం ఇది: 'పై పరిశోధనలో నా కుమారుడు/కుమార్తె స్వచ్ఛందంగా పాల్గొనుటకు నా పూర్తి సమ్మతిని తెలియజేయుచున్నాను.' కింద సంతకానికి గీత. వద్దు అనేవాళ్లకి చోటే లేదు. వద్దనుకుంటే ఏం చేయాలి? కాగితం ఇవ్వకుండా ఊరుకోవాలి. ఊరుకున్న పిల్లని క్లాసు బయట నిలబెడతారు.

నిజంగా అదే జరిగింది. రెండో ఇంట్లో పిల్లవాడే చెప్పాడు. "రేపు తేనోళ్లు బయట నిలబడాలన్నారండీ. మా నాన్న డ్యూటీ నుంచి రాత్రి పదకొండుకి వచ్చాడండీ. లేపితే కొడతాడని..." అక్కడితో ఆపేశాడు. నేనూ ఇంకేం అడగలేదు.

తర్వాత టీచర్‌గారితో మాట్లాడాను. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "డీఈఓ ఆఫీసు పర్మిషన్ కాగితం చూపించారు కదా మేడమ్. హెచ్‌ఎం గారు కూడా చేయించమన్నారు. మాకు రోజూ ఏదో ఒకటి ఈ రోజే అప్‌లోడ్ అవ్వాలంటారు. ఇదీ అలాంటిదే అనుకున్నాను." ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. జిల్లా విద్యాశాఖాధికారి ఇచ్చింది బడిలోకి రావడానికి అనుమతి. హెడ్‌మాస్టర్ ఇచ్చింది పీరియడ్ వాడుకోవడానికి అనుమతి. ఈ రెండిట్లో ఏదీ పిల్లల తరఫున ఇచ్చిన సమ్మతి కాదు. కానీ ఒక్కో మెట్టు దిగేకొద్దీ అనుమతి కాస్తా ఆదేశమైపోయింది. తొమ్మిదో తరగతి బెంచీ దగ్గరికి వచ్చేసరికి అది హోంవర్క్ అయింది.

'ఇంజక్షన్ ఇచ్చామా?'

ఆ 46 జవాబు పత్రాలు ఏం చేయాలన్న దాని మీద మా ముగ్గురికీ గట్టిగానే వాదన జరిగింది. మా టీమ్‌లో పెద్దాయన అన్నమాట ఇది: "మనం లెక్కలంటే ఇష్టమా అని అడిగాం. ఇంజక్షన్ ఇచ్చామా? ఎవరికీ నష్టం లేదు. సంతకాలు మళ్లీ సరిగ్గా తెప్పించుకుని ఈ జవాబులే వాడుకుందాం." ఆయన తప్పించుకోవడానికి అన్న మాట కాదు. నిజంగానే అలా నమ్మారు. మన దగ్గర చాలామంది అలాగే నమ్ముతారు.

నేను ఆయనకి గుర్తుచేసింది ఖమ్మం. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో బాలికలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. పిల్లల్లో చాలామంది గిరిజన బాలికలు. ఎన్నో సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రాజెక్టు ఆగిపోయింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ సమ్మతుల తీరుని గట్టిగా తప్పుపట్టింది. మాది టీకా కాదు, నిజమే. కానీ కాగితం మీద సంతకం ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్న ప్రశ్న అక్కడా ఇక్కడా ఒకటే.

నష్టం లేదన్న మాట కూడా నేను ఒప్పుకోలేకపోయాను. ఆ బుధవారం నాలుగో పీరియడ్ నా కళ్ల ముందే ఉంది. పిల్లలు నింపుతుంటే లెక్కల మాస్టారు బెంచీల మధ్య తిరుగుతున్నారు. 'లెక్కల పీరియడ్ అంటే నాకు భయం' అన్న వాక్యం దగ్గర ఒక పిల్లవాడు పెన్ను ఆపి, తలెత్తి మాస్టారిని చూసి, 'అస్సలు కాదు' అన్న గడిలో టిక్ పెట్టాడు. మాస్టారు మంచి మనిషి. ఎవరికైనా వాక్యం అర్థం కాకపోతే చెప్దామనే తిరిగారు. ఆ టిక్ మాత్రం పిల్లవాడి అభిప్రాయం కాదు. సమ్మతి లేనిచోట వచ్చిన జవాబు పరిశోధనకి కూడా పనికిరాదని ఆ ఒక్క చూపు నాకు నేర్పింది. పెద్దాయన్ని ఒప్పించింది కూడా ఖమ్మం కంటే ఈ సంగతే.

జరిగినది జరిగినట్టు రాసి, వాళ్లు ఆమోదించిన పద్ధతి (ప్రొటోకాల్) తప్పిందని ఎథిక్స్ కమిటీకి తెలియజేశాం. వాళ్ల సూచన మేరకు 46 జవాబు పత్రాలూ వాళ్ల ఆఫీసులోనే చింపేశాం. పిల్లలకి కూడా వెళ్లి చెప్పాం: మీరు రాసినవి చింపేశాం, తప్పు మాది, మీ మీద ఎవరూ ఏమీ అనరు. వెనక బెంచీలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

మాటలు వెతుక్కోవడం

రెండో ఫారం రాయడానికి మూడు వారాలు పట్టింది. ఎక్కువ సమయం మాటల దగ్గరే గడిచింది. 'పరిశోధన' అన్న మాట మేం రోజూ వాడతాం. ఒక పిల్లవాణ్ణి 'ఇది చదివితే ఏమనిపించింది?' అని అడిగితే, 'ఎవరో ఏదో తప్పు చేశారండీ, పట్టుకోవడానికి' అన్నాడు. వార్తల్లో పోలీసులు చేసేది కూడా పరిశోధనే కదా. పోనీ 'సర్వే' అందామంటే, సర్వే అంటే ఇంటికొచ్చి పథకానికి అర్హులా కాదా అని రాసుకుపోయేది. 'గోప్యత' ఏ పిల్లకీ తెలియలేదు. 'ఒప్పుకోలు' అంటే నేరం ఒప్పుకోవడంలా వినిపించింది. ఒక్కో మాటా తీసేసి, ఇంట్లో మాట్లాడుకునే మాట పెట్టుకుంటూ వచ్చాం. చివరికి తల్లిదండ్రుల కాగితం ఒక్క పేజీకి కుదిరింది. పెద్ద అక్షరాలు. మొదలు ఇలా ఉంటుంది:

'ఇది ప్రభుత్వ పథకం కాగితం కాదు. సంతకం పెట్టినా పెట్టకపోయినా మీకు వచ్చే డబ్బులు, మీ పిల్లల మార్కులు, అటెండెన్స్ ఏవీ మారవు. లెక్కలు, కంప్యూటర్ అంటే పిల్లలకి ఇష్టమా, భయమా అని తెలుసుకోవాలనుకుంటున్నాం. మీ అమ్మాయి/అబ్బాయి ఒక పీరియడ్ సేపు కొన్ని వాక్యాలు చదివి టిక్ పెడతారు. పేరు రాయక్కర్లేదు. ఏం రాశారో బడిలో ఎవరికీ చూపించం, మీకు కూడా చూపించం. దీనివల్ల మీ పిల్లలకి ఇప్పుడు ప్రత్యేకంగా లాభం ఏమీ ఉండదు. కొన్ని వాక్యాలు చదివితే కొంతమందికి ఇబ్బందిగా అనిపించవచ్చు. అప్పుడు ఆపేయవచ్చు.'

'మీకు కూడా చూపించం' అన్నది రాయడానికి చాలా తటపటాయించాం. తల్లిదండ్రులకి కోపం వస్తుందేమో అనుకున్నాం. కానీ 'మా ఇంట్లో చదువు విషయంలో అన్నయ్యకే ప్రాధాన్యం' లాంటి వాక్యం మీద టిక్ పెట్టే అమ్మాయికి ఆ హామీ లేకపోతే నిజం ఎలా చెప్తుంది? ఉంచాం. ఒక్క తండ్రి మాత్రం ఫోన్ చేసి అడిగారు. కారణం చెప్తే విని, "సరేనమ్మా, అలాగే కానివ్వండి" అన్నారు.

కింద రెండు గడులు సమానంగా, ఒకే సైజులో పెట్టాం: 'సరే', 'వద్దు'. రెండిట్లో ఏది టిక్ పెట్టినా కాగితం మడిచి కవర్లో పెట్టి, మూసి, బడిలో పెట్టిన పెట్టెలో వేయాలి. టీచర్ చేతికి ఇవ్వకూడదు. ఇలా చేస్తే కాగితం తెచ్చాడా లేదా అన్నదానికీ, ఒప్పుకున్నాడా లేదా అన్నదానికీ ముడి తెగిపోతుంది. గడువు ఒక్క రాత్రి కాదు, పది రోజులు. అయినా తేనివాళ్లని ఎవరూ అడగకూడదు. తేకపోతే 'వద్దు' అనే లెక్క. కొన్ని దేశాల్లో దీనికి తిరగేసిన పద్ధతి కూడా నడుస్తుంది. తల్లిదండ్రులు ఏమీ చెప్పకపోతే ఒప్పుకున్నట్టే తీసుకుంటారు. అలా చేస్తే నంబర్లు బాగా వస్తాయి. ఫారం ఇంటికే చేరని మా పరిస్థితుల్లో అది చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

పిల్లల దగ్గర విడిగా వాళ్ల ఒప్పుదల తీసుకున్నాం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో పిల్లల మీద పరిశోధనలకి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల వాళ్ల దగ్గర నోటిమాటగా, 12 దాటి 18 లోపు వాళ్ల దగ్గర రాతలో ఆ ఒప్పుదల ఉండాలి. అవి ఆరోగ్య పరిశోధనల కోసం రాసినవే. మా కమిటీ వాటినే కొలబద్దగా పెట్టుకుంది. రిస్క్ చాలా తక్కువగా ఉన్న పనికి తల్లిదండ్రుల్లో ఒకరి సమ్మతి చాలని కూడా వాటిలోనే ఉంది. తండ్రి వేటకెళ్లిన ఇళ్లకి ఇది పెద్ద ఊరట.

క్లాసులో ఎవరు నింపుతున్నారో, ఎవరు నింపడం లేదో పక్కవాళ్లకి తెలిస్తే 'వద్దు' అన్న పిల్ల అందరికీ కనిపిస్తుంది. దీనికి మా టీమ్‌లో చిన్నావిడ మంచి ఉపాయం చెప్పింది. అందరికీ ఒకేలాంటి బుక్‌లెట్. ముందు సగం మా వాక్యాలు, వెనక సగం పజిల్స్, సుడోకు. ఇష్టం లేనివాళ్లు వెనక నుంచి మొదలుపెట్టుకోవచ్చు. ఇంటి నుంచి 'వద్దు' వచ్చిన పిల్లల బుక్‌లెట్‌లో ముందు పేజీల్లో కూడా పజిల్సే. అట్ట మాత్రం అదే. పీరియడ్ మొత్తం టీచర్లు స్టాఫ్ రూమ్‌లో ఉండాలి. ఇది హెడ్‌మాస్టర్‌కి ముందే చెప్పి ఒప్పించాం.

మొదలుపెట్టే ముందు నేను చదివి వినిపించి, 'ఇప్పుడు నేను చెప్పింది మీ మాటల్లో చెప్పండి' అని అడిగేదాన్ని. ఒక అమ్మాయి లేచి, "మధ్యలో ఆపేయొచ్చండీ, ఎందుకని ఎవరూ అడగరండీ" అంది. "అడగరా?" అని పక్కమ్మాయి. "అడగనమ్మా" అన్నాను. ఆ తర్వాతే పెన్నులు కదిలాయి.

మిగతా రెండు బడుల్లో

రెండో ప్రభుత్వ బడిలో కొంతమంది హాస్టల్ పిల్లలు. వాళ్ల అమ్మానాన్నలు పాడేరు, అరకు వైపు గూడేల్లో ఉంటారు. వార్డెన్‌గారు ఎంతో ప్రేమగా, "నేనే కదమ్మా వీళ్లకి గార్డియన్ని, నేను పెట్టేస్తాను" అన్నారు. ఆయన ఆ పిల్లల్ని బాగా చూసుకుంటారు, నేను చూశాను. అయినా ఖమ్మం గుర్తుండి వద్దన్నాను. దసరా సెలవులకి పిల్లలే కాగితాలు ఇంటికి పట్టుకెళ్లారు. చదువు రాని తల్లిదండ్రులకి చదివి వినిపించే సాక్షి ఎవరైనా సంతకం పెట్టేలా ఒక గీత ఉంచాం. దీనికోసం మా పని నెలన్నర వెనకబడింది. కొందరు తేలేదు. అలా తేనివాళ్లని వదిలేశాం.

ప్రైవేటు బడిలో ఇబ్బంది వేరు. అక్కడ ల్యాబ్ బాగుంటుంది కాబట్టి గూగుల్ ఫారం పెడదాం, తల్లిదండ్రుల ఫోనుకి లింకు పంపితే 'ఐ అగ్రీ' నొక్కేస్తారు అనుకున్నాం. ఫోనుకి లింకు, దాని వెనక ఓటీపీ అనేసరికి సగం మంది భయపడ్డారు. రోజూ సైబర్ మోసాల వార్తలు చూస్తున్నవాళ్లు భయపడటం సహజమే. నొక్కినవాళ్లు చదివి నొక్కారా అన్నదీ అనుమానమే. పైగా ఫారంలో ఈమెయిల్ తీసుకునే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. పేరు రాయక్కర్లేదని చెప్పి ఈమెయిల్ తీసుకోవడం మాట తప్పడమే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల డేటాకి తల్లిదండ్రుల సమ్మతి, అదీ రుజువు చూపగలిగేలా ఉండాలంటుంది. అవన్నీ చూసుకుని మళ్లీ కాగితానికే వచ్చేశాం. కంప్యూటర్ గురించిన ప్రశ్నలు కాగితం మీద అడగడం కాస్త విడ్డూరంగా అనిపించినా, అదే నయమైంది.

ఆ బడిలో నాకు అసలు పరీక్ష మాత్రం ప్రిన్సిపల్‌గారి గదిలో ఎదురైంది. అంతా అయ్యాక ఆయన కాఫీ తెప్పించి, "ఎవరెవరికి లెక్కలంటే భయమో పేర్లు ఇవ్వండి మేడమ్. స్పెషల్ క్లాసులు పెట్టిస్తాను. పిల్లల మంచికే కదా" అన్నారు. మంచికే, కాదనను. కానీ ఆ బడిలో ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్ వేరు, మామూలు సెక్షన్ వేరు. భయం ఉందని తెలిసిన పిల్లని ఏ సెక్షన్లో వేస్తారో నాకు తెలుసు. పేర్లు మా దగ్గర లేవు సార్, కోడ్ నంబర్లే ఉన్నాయి అన్నాను. "పోనీ సెక్షన్ వారీగా ఇవ్వండి" అన్నారు. సెక్షన్ వారీగా ఇస్తే ఏ టీచర్ క్లాసులో భయం ఎక్కువో తేలిపోతుంది, ఆ టీచర్ ఉద్యోగానికి ఇబ్బంది అవుతుంది. టీచర్ల దగ్గర మేం సమ్మతి అడగనే లేదు. ఇవ్వలేనని చెప్పేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. కాఫీ చల్లారిపోయింది. తర్వాత ఆయన మమ్మల్ని మళ్లీ పిలవలేదు.

ఈ సంభాషణ తర్వాతే మా ప్రశ్నల్లోంచి కులం, తండ్రి వృత్తి తీసేశాం. పేరు లేకపోయినా 'తొమ్మిది బి, బాలిక, తండ్రి పూజారి' అని ఉంటే ఆ అమ్మాయి ఎవరో క్లాసు మొత్తానికి తెలుసు. విశ్లేషణకి అవి ఉపయోగపడేవే. వదులుకున్నాం.

రెండోసారి ఏం వచ్చింది

మొదటి బడిలో అదే సెక్షన్‌కి మళ్లీ వెళ్లాం. ఈసారి 46 రాలేదు. కొన్ని ఇళ్ల నుంచి 'వద్దు' అని వచ్చింది. ఒక కవర్లో 'వద్దు' గడిలో టిక్ పెట్టి, కింద తెలుగులో వంకర అక్షరాలతో 'మా పాపకి పని ఉంది' అని రాసి ఉంది. కొందరు ఏమీ తేలేదు. ఇంట్లో 'సరే' అన్న పిల్లల్లో కూడా కొందరు ఆ పీరియడ్‌లో బుక్‌లెట్ వెనక నుంచి తెరిచారు. వాళ్లలో ఒకడు నలభై నిమిషాలూ ఒకే సుడోకు మీద కూర్చుని, చివరికి పూర్తిచేసి, అది పక్కవాడికి చూపించుకుని మురిసిపోయాడు.

దీనివల్ల మా ఫలితాలకి ఒక పరిమితి ఏర్పడింది. లెక్కలంటే ఎక్కువ భయమున్న పిల్లలే ఎక్కువగా పక్కకి తప్పుకుని ఉండవచ్చు. అంటే మేం వినాలనుకున్న గొంతే మాకు తక్కువగా వినిపించి ఉండవచ్చు. ఎందుకు వద్దన్నారని అడిగితే తెలుస్తుంది కానీ, అడగమని మాటిచ్చాం. నివేదికలో ఎంతమందిని అడిగాం, ఎంతమంది ఒప్పుకున్నారు, ఎంతమంది తప్పుకున్నారు అన్నవి ముందే రాసి, ఇవి ఒప్పుకున్న పిల్లల మాటలు మాత్రమేనని, క్లాసు మొత్తానికి అన్వయించవద్దని స్పష్టంగా పెట్టాం. ఒక సమీక్షకుడు శాంపిల్ చిన్నదైపోయిందని అన్నారు. అయింది. కానీ ఈసారి 'భయం' అన్న వాక్యాల దగ్గర ఏ పిల్లా తలెత్తి గుమ్మం వైపు చూడలేదు. నేను గది మూల నుంచి గమనిస్తూనే ఉన్నాను.

బుక్‌లెట్ చివర చింపుకోవడానికి ఒక చిన్న చీటీ, దాని మీద కోడ్ నంబరు పెట్టాం. మనసు మారితే మూడు వారాల్లోపు ఆ చీటీ తెచ్చి చూపిస్తే, కంప్యూటర్లోకి ఎక్కించక ముందే బుక్‌లెట్ తిరిగి ఇచ్చేస్తాం అని చెప్పాం. ఎవరూ తేరని మా టీమ్‌లో అందరం అనుకున్నాం.

రెండో వారంలో ఒక అమ్మాయి వచ్చింది. ఇంటర్వెల్‌లో, వరండా చివర నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు చూసి వచ్చింది. చీటీ నాలుగు మడతలు పెట్టి జామెట్రీ బాక్సులో దాచుకుంది. "ఇది వెనక్కి ఇచ్చేస్తారండీ?" అంది. ఇస్తానమ్మా అని, కట్టలోంచి ఆ నంబరు వెతికి తీశాను. చేతికిస్తుంటే ఆ అమ్మాయి ఒక్క క్షణం తీసుకోకుండా నిలబడింది.

"నాది తీసేస్తే మీ లెక్క తప్పిపోదా అండీ?"

"ఒకటి తగ్గుతుందమ్మా. తప్పదు."

బుక్‌లెట్ తీసుకుని, ఏ పేజీ తెరవకుండానే మధ్యకి మడిచి, లెక్కల నోట్‌బుక్‌లో పెట్టుకుని క్లాసులోకి వెళ్లిపోయింది. నేను నా రిజిస్టర్‌లో ఆ నంబరు ఎదురుగా 'వెనక్కి ఇచ్చాం' అని రాసి, తేదీ వేశాను. కారణం రాయడానికి ఆ రిజిస్టర్‌లో మేం గడి పెట్టలేదు.